సూయజ్, బుడాపెస్ట్: అగ్రరాజ్యాల హెచ్చరికలకు రెండు తూకాలు

ఒక దేశం వ్యవహారాల్లో మరో దేశపు సైన్యం తలదూర్చరాదన్న నియమాన్ని నేటి ప్రపంచంలో బహిరంగంగా కాదనే ప్రభుత్వం దాదాపు లేదు. అయితే ఆ నియమాన్ని అందరికంటె గట్టిగా వల్లించే అగ్రరాజ్యాలే దాన్ని పదే పదే అతిక్రమించాయన్నది కూడా అంతే బహిరంగమైన సత్యం. ప్రత్యర్థి సేనలు సరిహద్దు దాటినప్పుడు అంతర్జాతీయ న్యాయాన్ని ఉటంకిస్తూ హెచ్చరికలు జారీ చేసే ప్రభుత్వమే, తన సేనలు సరిహద్దు దాటినప్పుడు దానిని ఆహ్వానంపై అందించిన సాయమనో, తన పౌరుల రక్షణ అనో, శాంతిస్థాపన అనో వర్ణిస్తుంది. ఈ ద్వంద్వ నీతిని ఏళ్ల తరబడి గమనించిన పాఠకులు నియమాలన్నీ బలహీనులను కట్టడి చేయడానికేననీ, బలవంతులకు అవి వర్తించవనీ నిర్ణయించుకోవడం సహజం. ఆ నిర్ణయం ఎంత సహజమైనదైనా సరైనది మాత్రం కాదు. 1956 అక్టోబరు, నవంబరు నెలల్లో రెండు వారాల వ్యవధిలో ఈజిప్టుపైన, హంగేరీపైన జరిగిన రెండు దండయాత్రలను పక్కపక్కన పెట్టి పరిశీలిస్తే, అగ్రరాజ్యాల కపటం ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. ఆ కపటం మధ్యనే నియమం ఎప్పుడు నిలబడుతుందో, ఎప్పుడు కూలిపోతుందో కూడా తెలుస్తుంది.

బలహీనులు నిలబెట్టిన నియమం

ఒక సార్వభౌమ రాజ్యం తన ప్రభుత్వమేదో, తన ఆర్థిక విధానమేదో, తన మిత్రులెవరో స్వేచ్ఛగా తేల్చుకోవలసి ఉండగా, ఆ నిర్ణయాన్ని మరో రాజ్యం ఆయుధబలంతో శాసించడాన్ని సైనిక జోక్యం అంటారు. దీనికి వ్యతిరేకంగా ఆధునిక చరిత్రలో వెలువడిన సుప్రసిద్ధమైన హెచ్చరిక ఒక పెద్ద దేశం నుంచే వచ్చింది. 1823 డిసెంబరు 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ మన్రో తన దేశ చట్టసభకు పంపిన సందేశంలో, ఐరోపా రాజ్యాలు అమెరికా ఖండాల్లో ఇకపై కొత్త వలసలు స్థాపించరాదనీ, అక్కడ స్వతంత్రమైన దేశాల జోలికి రారాదనీ ప్రకటించాడు. 1904లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఈ సిద్ధాంతానికి ఒక అనుబంధం చేర్చి, లాటిన్ అమెరికా దేశాల్లో అరాచకం ప్రబలితే, అవి తమ బాధ్యతలు నెరవేర్చలేకపోతే అక్కడ పోలీసు అధికారం చెలాయించే హక్కు అమెరికాకు ఉంటుందన్నాడు. ఇతరులు జోక్యం చేసుకోరాదన్న హెచ్చరిక ఆ విధంగా తానొక్కటే జోక్యం చేసుకునే హక్కుగా మారిపోయింది. దాని ఫలితంగా నికరాగువాలో అమెరికా సైనికులు దీర్ఘకాలం తిష్ఠవేశారు. హైతీ 1915 నుంచి 1934 వరకు, డొమినికన్ రిపబ్లిక్ 1916 నుంచి 1924 వరకు అమెరికా సైనిక ఆక్రమణలో ఉన్నాయి.

జోక్యరాహిత్యాన్ని నిజమైన న్యాయసూత్రంగా మలచినవారు ఈ అనుభవంతో నలిగిన దేశాల న్యాయకోవిదులే. 1902లో బ్రిటన్, జర్మనీ, ఇటలీ బాకీల వసూలు కోసం వెనెజువెలా రేవులను యుద్ధనౌకలతో దిగ్బంధించినప్పుడు, అప్పు రాబట్టుకోవడానికి ఆయుధబలం వాడరాదని అర్జెంటీనా విదేశాంగ మంత్రి లూయీస్ మరీయా డ్రాగో వాదించాడు. 1933లో ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో కుదిరిన ఒడంబడిక, మరో దేశపు ఆంతరంగిక వ్యవహారాల్లో గాని, విదేశీ వ్యవహారాల్లో గాని తలదూర్చే హక్కు ఏ రాజ్యానికీ లేదని తన 8వ అధికరణంలో స్పష్టం చేసింది. 1945 నాటి ఐక్యరాజ్యసమితి నియమావళి 2వ అధికరణంలోని 4వ క్లాజు, ఏ దేశపు ప్రాదేశిక సమగ్రతకైనా, రాజకీయ స్వాతంత్ర్యానికైనా వ్యతిరేకంగా బలప్రయోగం చేయడాన్నీ, చేస్తామని బెదిరించడాన్నీ నిషేధించింది. దీనికి ఆ నియమావళి గుర్తించే మినహాయింపులు రెండే: సాయుధ దాడి జరిగినప్పుడు చేసుకునే ఆత్మరక్షణ ఒకటి, భద్రతామండలి అనుమతి రెండవది. కాని భద్రతామండలిలో అమెరికా, రష్యా, బ్రిటన్, ఫ్రాన్స్, చైనాలకు వీటో అధికారం, అంటే తమకు గిట్టని తీర్మానాన్ని ఒంటి ఓటుతో అడ్డుకునే అధికారం ఉంది. కాబట్టి నియమాన్ని అమలు చేయవలసిన చేతులే దాన్ని అడ్డగించగల చేతులు కూడా అయ్యాయి. ఈ లోపం ఎంత లోతైనదో ప్రపంచానికి 1956లో పూర్తిగా తెలిసివచ్చింది.

సూయజ్: మధ్యవర్తుల వేషంలో దండయాత్ర

మధ్యధరా సముద్రాన్ని ఎర్ర సముద్రంతో కలిపే సూయజ్ కాలువ 1869లో ప్రారంభమైంది. దాన్ని నడిపే కంపెనీలో ఈజిప్టు పాలకుడి వాటాలను 1875లో బ్రిటన్ కొనుగోలు చేసింది. 1882లో ఈజిప్టునే సైన్యంతో ఆక్రమించింది. పశ్చిమ ఐరోపాకు కావలసిన చమురులో అధిక భాగం ఈ కాలువ మీదుగానే వెళ్లేది కనుక, 1956 జూన్‌లో చివరి బ్రిటిష్ సైనికులు ఈజిప్టును విడిచిపెట్టినా కాలువపై పట్టు వదులుకోవడం బ్రిటిష్ పాలకులకు ఇష్టం లేకపోయింది. జూలై 19న అమెరికా విదేశాంగ మంత్రి జాన్ ఫాస్టర్ డల్లెస్ ఈజిప్టు నిర్మించదలచిన అస్వాన్ ఆనకట్టకు ఇవ్వజూపిన ఆర్థిక సహాయాన్ని ఉపసంహరించగా, వారం తిరిగేలోగా, జూలై 26న, ఈజిప్టు అధ్యక్షుడు గమాల్ అబ్దుల్ నాసర్ అలెగ్జాండ్రియాలో చేసిన ప్రసంగంలో కాలువ కంపెనీని జాతీయం చేస్తున్నట్లు ప్రకటించాడు. జాతీయం చేయడమంటే ప్రైవేటు సంస్థను ప్రభుత్వ యాజమాన్యంలోకి తీసుకోవడం. వాటాదారులకు పరిహారం ఇస్తామని కూడా ఈజిప్టు హామీ ఇచ్చింది.

అక్టోబరు 22 నుంచి 24 వరకు పారిస్ శివార్లలోని సేవ్ర్ పట్టణంలో బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ ప్రతినిధులు రహస్యంగా సమావేశమై ఒక పథకం సిద్ధం చేశారు. దాని ప్రకారం ముందుగా ఇజ్రాయెల్ సినాయ్ ఎడారిలో దాడి ప్రారంభిస్తుంది. ఆ తరువాత బ్రిటన్, ఫ్రాన్స్ ఇరుపక్షాలనూ విడదీసే శాంతిదూతల రూపంలో రంగప్రవేశం చేసి కాలువను స్వాధీనం చేసుకుంటాయి. అక్టోబరు 29న దాడి మొదలైంది. మరునాడు బ్రిటన్, ఫ్రాన్స్ ఇరుపక్షాలూ కాలువకు పది మైళ్ల దూరం వెనక్కి తగ్గాలంటూ పన్నెండు గంటల గడువుతో తుది హెచ్చరిక జారీ చేశాయి. దాడి చేసిన ఇజ్రాయెల్ ప్రధాన సేనలు అప్పటికి కాలువకు ఇంకా చాలా దూరంలో ఉండగా, దాడికి గురైన ఈజిప్టు తన సొంత భూభాగం నుంచే వైదొలగాలన్నది ఆ హెచ్చరిక సారాంశం. అక్టోబరు 31న బ్రిటిష్, ఫ్రెంచ్ విమానాలు ఈజిప్టుపై బాంబులు కురిపించాయి. నవంబరు 5న పారాచూట్ దళాలు పోర్ట్ సయీద్ వద్ద దిగాయి. ఇజ్రాయెల్ దాడి గురించి తమ ప్రభుత్వానికి ముందుగా ఏమీ తెలియదని బ్రిటిష్ ప్రధాని ఆంథొనీ ఈడెన్ డిసెంబరులో పార్లమెంటులో చెప్పిన మాట అసత్యమని తరువాత బయటపడిన సేవ్ర్ ఒప్పంద పత్రం నిరూపించింది.

బుడాపెస్ట్: ఆహ్వానం పేరుతో ఆక్రమణ

అదే రోజుల్లో తూర్పు ఐరోపాలో మరో సైన్యం కదులుతున్నది. 1956 ఫిబ్రవరిలో సోవియట్ కమ్యూనిస్టు పార్టీ 20వ మహాసభలో పార్టీ అధినేత నికిటా క్రుశ్చేవ్ స్టాలిన్ అకృత్యాలను ఖండిస్తూ చేసిన రహస్య ప్రసంగం సోవియట్ ప్రాబల్యంలోని దేశాల్లో కొత్త ఆశలు రేపింది. అక్టోబరు 23న బుడాపెస్ట్ విద్యార్థులు తలపెట్టిన ప్రదర్శన రాత్రికల్లా తిరుగుబాటుగా మారి, నగరంలోని స్టాలిన్ భారీ విగ్రహం నేలకూలింది. మరునాడు సోవియట్ ట్యాంకులు నగరంలో ప్రవేశించినా పోరాటం చల్లారలేదు. సంస్కరణవాది ఇమ్రె నాగీ ప్రధాని అయ్యాడు. అక్టోబరు 30న సోవియట్ ప్రభుత్వం సోషలిస్టు దేశాల మధ్య సంబంధాలపై ఒక ప్రకటన చేసి, సమానత్వం, ప్రాదేశిక సమగ్రత, పరస్పర ఆంతరంగిక వ్యవహారాల్లో జోక్యం చేసుకోకపోవడం తమకు ఆధారసూత్రాలని చాటింది. ఆ ప్రకటన పత్రికల్లో అచ్చయిన అక్టోబరు 31నే సోవియట్ నాయకత్వం హంగేరీపై పూర్తిస్థాయి సైనిక చర్యకు నిర్ణయం తీసుకుంది. చెప్పిన నీతికీ, చేసిన పనికీ మధ్య ఇంత తక్కువ వ్యవధి ఉన్న సందర్భాలు దౌత్య చరిత్రలో అరుదు.

నవంబరు 1న నాగీ ప్రభుత్వం వార్సా ఒప్పందం నుంచి, అంటే సోవియట్ నాయకత్వంలోని సైనిక కూటమి నుంచి, వైదొలగుతున్నట్లు, తటస్థంగా ఉండదలచినట్లు ప్రకటించి ఐక్యరాజ్యసమితి సహాయం అర్థించింది. నవంబరు 4 తెల్లవారుజామున సోవియట్ సేనలు బుడాపెస్ట్‌పై విరుచుకుపడ్డాయి. యానోష్ కాదార్ నాయకత్వంలో సోవియట్ అండతో ఏర్పడిన కొత్త ప్రభుత్వం కోరితేనే తమ సైన్యం వచ్చిందని మాస్కో చెప్పుకుంది. ఆహ్వానించిన ప్రభుత్వమే ఆ సైన్యం నీడలో పుట్టిందన్న వాస్తవం ఆ వాదనను నిలవనీయలేదు. సుమారు 2,500 మంది హంగేరియన్లు ప్రాణాలు కోల్పోయారు. దాదాపు 2 లక్షల మంది దేశం విడిచి పారిపోయారు. యుగొస్లావియా రాయబార కార్యాలయంలో తలదాచుకున్న నాగీని, భద్రతకు హామీ ఇచ్చి బయటికి రప్పించి, నిర్బంధించి, 1958 జూన్ 16న ఉరితీశారు.

రెండు సభలు, రెండు రకాల ఓట్లు

అక్టోబరు 30న భద్రతామండలిలో ఇజ్రాయెల్ వెనక్కి తగ్గాలనీ, ఇతర దేశాలు బలప్రయోగానికి దూరంగా ఉండాలనీ కోరిన తీర్మానాన్ని బ్రిటన్, ఫ్రాన్స్ వీటో చేశాయి. నవంబరు 4న హంగేరీపై తీర్మానాన్ని సోవియట్ యూనియన్ వీటో చేసింది. మండలి ప్రతిష్టంభనలో పడినప్పుడు విషయాన్ని సభ్యదేశాలన్నీ కూర్చునే సర్వప్రతినిధి సభకు తరలించడానికి వీలు కల్పించే 1950 నాటి తీర్మానం ఆధారంగా, రెండు అంశాలూ సభ అత్యవసర ప్రత్యేక సమావేశాల ముందుకు వచ్చాయి. అక్కడ పడిన ఓట్లు ఈ కథకంతటికీ సాక్ష్యాలు. ఈజిప్టులో తక్షణం కాల్పులు విరమించాలని నవంబరు 2న సభ చేసిన తీర్మానాన్ని 64 దేశాలు బలపరచగా 5 దేశాలు వ్యతిరేకించాయి. బలపరచినవారిలో సోవియట్ యూనియన్, వ్యతిరేకించినవారిలో బ్రిటన్, ఫ్రాన్స్ ఉన్నాయి. రెండు రోజుల తరువాత, హంగేరీపై దాడి ఆపి సేనలను ఉపసంహరించాలన్న తీర్మానం 50 ఓట్లతో నెగ్గినప్పుడు, బ్రిటన్, ఫ్రాన్స్ దాన్ని బలపరచిన పక్షంలోకీ, సోవియట్ యూనియన్ వ్యతిరేకించిన 8 దేశాల్లోకీ చేరాయి. ఒకే నియమావళిని, ఒకే అధికరణాన్ని, ఒకే వారంలో ఆ రాజ్యాలు దోషం ఎవరిదన్న దాన్నిబట్టి రెండు తూకాలతో తూచాయి.

నవంబరు 5న, అంటే బుడాపెస్ట్‌పై దాడి మొదలైన మరునాడు, సోవియట్ ప్రధాని నికొలాయ్ బుల్గానిన్ లండన్, పారిస్, టెల్ అవీవ్ నగరాలకు తీవ్రమైన లేఖలు పంపాడు. తమకంటె బలమైన రాజ్యం రాకెట్లవంటి ఆధునిక ఆయుధాలతో తమపైనే దాడి చేస్తే ఏమవుతుందో ఆలోచించుకోవాలని బ్రిటన్, ఫ్రాన్స్‌లను హెచ్చరించాడు. ఈజిప్టులో దురాక్రమణను అణచడానికి ఉమ్మడిగా బలప్రయోగం చేద్దామని అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు ప్రతిపాదించాడు. హంగేరీ నుంచి ప్రపంచం దృష్టి మళ్లించడానికి ఇది ఎత్తుగడ అని అమెరికా తోసిపుచ్చింది. బుల్గానిన్ లేఖల్లోని న్యాయసూత్రం అక్షరాలా సత్యమే; ఈజిప్టుకు జరిగినది అన్యాయమే. కాని ఆ సత్యాన్ని పలికినవారి ట్యాంకులు అదే వేళకు మరో రాజధాని వీధుల్లో ఉండటంతో, ఈజిప్టు పక్షాన పలికిన మాటకు కూడా నైతిక బలం లేకుండా పోయింది. బ్రిటన్, ఫ్రాన్స్‌లు హంగేరీ గురించి వెలిబుచ్చిన ఆవేదనకూ అదే గతి పట్టింది. కపటం చేసే నష్టం పలికినవారి ప్రతిష్ఠతో ఆగదు. అన్యాయానికి గురైన దేశం పక్షాన నిలిచే సాక్షులు నమ్మదగనివారు కావడం అంతకంటె పెద్ద నష్టం.

మిత్రుడికి చెప్పిన మాట

ఈ రెండు సంఘటనల ముగింపులో ఉన్న తేడా పరిశీలించదగినది. ఈజిప్టులో నవంబరు 6 అర్ధరాత్రికి కాల్పులు ఆగిపోయాయి. డిసెంబరు 22 నాటికి బ్రిటిష్, ఫ్రెంచ్ సేనలు, మరుసటి మార్చి నాటికి సినాయ్ నుంచి ఇజ్రాయెల్ సేనలు వైదొలగాయి. కెనడా విదేశాంగ మంత్రి లెస్టర్ పియర్సన్ ప్రతిపాదనతో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి అత్యవసర దళంలో భారత సైనికులు కూడా పాల్గొన్నారు. ఈడెన్ 1957 జనవరి 9న రాజీనామా చేశాడు. హంగేరీలో మాత్రం సోవియట్ సేనలు 1991 దాకా కదలలేదు. ఈ తేడాకు కారణం బుల్గానిన్ బెదిరింపు ఒక్కటే అనుకోవడం కష్టం. బ్రిటన్‌ను ప్రధానంగా లొంగదీసినది దాని అత్యంత సన్నిహిత మిత్రదేశమైన అమెరికా. పౌండు విలువ నిలబెట్టుకోవడానికి అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి బ్రిటన్‌కు రుణం అత్యవసరం కాగా, కాల్పులు ఆపి సేనలను ఉపసంహరించుకోవడానికి ఒప్పుకునేదాకా దానికి సహకరించడానికి అమెరికా నిరాకరించింది. అక్టోబరు 31న దేశప్రజలనుద్దేశించి చేసిన ప్రసంగంలో ఐసెన్‌హోవర్ మిత్రులకు ఒక ధర్మం, ప్రత్యర్థులకు ఒక ధర్మం పాటిస్తే చట్టమన్నదే ఉండదన్న అర్థం వచ్చే మాటలు పలికి, ఆ ఒక్క సందర్భంలో వాటికి కట్టుబడ్డాడు.

అదే ప్రభుత్వం తన విషయంలో ఆ కొలమానం పాటించిందా అంటే లేదన్నదే సమాధానం. 1953 ఆగస్టులో ఇరాన్ ప్రధాని మొహమ్మద్ మొసాదెగ్‌ను, 1954 జూన్‌లో గ్వాటెమాలా అధ్యక్షుడు హకోబో అర్బెంజ్‌ను పదవీచ్యుతులను చేసిన కుట్రల వెనక ఐసెన్‌హోవర్ హయాంలోని అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఏ. హస్తం ఉంది. మొసాదెగ్ చమురు పరిశ్రమను జాతీయం చేయడం, అర్బెంజ్ భూసంస్కరణల్లో అమెరికన్ కంపెనీ భూములు పోవడం ఈ కుట్రల నేపథ్యంలో ఉన్నాయి; నాసర్ కాలువ విషయంలో చేసిన పనికీ, వీటికీ పోలిక స్పష్టం. గ్వాటెమాలా తన గోడును భద్రతామండలికి వినిపించబోతే అమెరికా ఆ చర్చను అడ్డుకుంది. కాబట్టి 1956 నాటి అమెరికాను ధర్మమూర్తిగా చిత్రించడం చరిత్ర కాదు. కాని ఒక హెచ్చరిక ప్రత్యర్థిపై కాక మిత్రుడిపై ప్రయోగించినప్పుడు, మాటతో పాటు ఆర్థిక బలం కూడా తోడైనప్పుడు, నియమం నిజంగా పనిచేస్తుందని సూయజ్ నిరూపించింది. హెచ్చరిక నిజాయితీకి ఇంతకంటె మంచి గీటురాయి లేదు.

భారతదేశానికి ఎదురైన పరీక్ష

ఈ గీటురాయి భారతదేశాన్ని కూడా పరీక్షించింది. 1956 నవంబరు 1న, హంగేరీ తటస్థతను ప్రకటించిన రోజునే, సర్వప్రతినిధి సభ సూయజ్‌పై అత్యవసరంగా సమావేశమైన రోజునే, ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ఆంధ్రప్రదేశ్ అవతరణ ఉత్సవానికి హైదరాబాదులో ఉన్నారు. ఈజిప్టుపై జరిగినది దురాక్రమణ అని ఆయన ప్రభుత్వం వెంటనే, నిర్ద్వంద్వంగా ఖండించింది. హంగేరీ విషయంలో ఆ వేగం, ఆ స్పష్టత కనిపించలేదు. నవంబరు 4 నాటి తీర్మానంపై భారత్ ఓటు వేయకుండా తటస్థంగా ఉండిపోయింది. నవంబరు 9న, హంగేరీలో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో స్వేచ్ఛగా ఎన్నికలు జరగాలని కోరిన తీర్మానాన్ని వ్యతిరేకించిన 11 దేశాల్లో కమ్యూనిస్టేతర దేశం భారత్ ఒక్కటే. ఒక సార్వభౌమ దేశంలో బయటి సంస్థ ఎన్నికలు నిర్వహించడం తప్పుడు సంప్రదాయమవుతుందన్న భారత ప్రతినిధి వి.కె. కృష్ణ మీనన్ వాదన వెనక కశ్మీరు సమస్య నీడ ఉంది. కశ్మీరుపై భద్రతామండలిలో సోవియట్ మద్దతు భారత్‌కు అవసరమైన కాలమది, ఆ మద్దతు 1957 ఫిబ్రవరిలో వీటో రూపంలో అందింది కూడా.

ఈ పక్షపాతాన్ని భారతీయులే ప్రశ్నించారన్నది గర్వించదగిన విషయం. సర్వోదయ నాయకుడు జయప్రకాశ్ నారాయణ్ నెహ్రూ మౌనాన్ని బహిరంగంగా విమర్శించారు. పార్లమెంటులోను, పత్రికల్లోను తీవ్రమైన చర్చ జరిగింది. ఆ ఒత్తిడి వృథా కాలేదు. నవంబరు మధ్యలో ఢిల్లీలో సమావేశమైన భారత్, బర్మా, సిలోన్, ఇండొనేషియా ప్రధానులు రెండు జోక్యాలనూ తప్పుపట్టారు. తరువాత కొద్దిరోజులకే భారత్, సిలోన్, ఇండొనేషియా కలిసి హంగేరీలోకి ఐక్యరాజ్యసమితి పరిశీలకులను అనుమతించాలని కోరే తీర్మానం ప్రవేశపెట్టాయి. అప్పటికి ఆలస్యమైపోయింది. అలీన విధానం, అంటే ఏ సైనిక కూటమిలోనూ చేరకుండా ప్రతి సమస్యనూ దాని గుణదోషాలనుబట్టి తేల్చుకునే విధానం, ప్రపంచానికి అందించగలిగిన అమూల్యమైన వస్తువు నిష్పాక్షికమైన సాక్ష్యమే. ఆ సాక్ష్యం సరిగ్గా అవసరమైన వారంలో అది లోపించింది. 1961 డిసెంబరులో భారత సైన్యం పోర్చుగీసు పాలనలోని గోవాను విముక్తం చేసినప్పుడు పాశ్చాత్య దేశాలు భారత్‌ను కపటి అని దూషించాయి. వలస పాలన ఎక్కడున్నా అంతం కావలసిందేనన్న భారత్ వాదనలో బలముంది. అయినా హంగేరీ విషయంలో మౌనం వహించిన ప్రభుత్వంగా దానికి ఆ దూషణను తిప్పికొట్టడం మరింత కష్టమైంది.

దశాబ్దాలు మారినా మారని సాకులు

1956 తరువాతి చరిత్రలో పాత్రధారులు మారారే గాని సాకులు మారలేదు. 1965 డిసెంబరు 21న ఇతర దేశాల వ్యవహారాల్లో జోక్యం తగదన్న ప్రకటనను సర్వప్రతినిధి సభ 109 ఓట్లతో, ఒక్క వ్యతిరేక ఓటు కూడా లేకుండా ఆమోదించింది. దాన్ని బలపరచిన అమెరికా అదే ఏడాది ఏప్రిల్‌లో తన పౌరులను రక్షిస్తామంటూ డొమినికన్ రిపబ్లిక్‌లో వేలాది సైనికులను దింపింది; దాన్ని ప్రోత్సహించిన సోవియట్ యూనియన్ మూడేళ్లలోపే, 1968 ఆగస్టులో, చెకొస్లొవేకియాలోకి ట్యాంకులను నడిపించి, ఒక సోషలిస్టు దేశంలో ఆ వ్యవస్థకు ముప్పు వస్తే అది మిగతా సోషలిస్టు దేశాలన్నిటి సమస్య అన్న సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చింది. ఆ సిద్ధాంతానికి సోవియట్ నాయకుడు బ్రెజ్నేవ్ పేరు వచ్చింది. దాని సారం రూజ్‌వెల్ట్ అనుబంధంలో ఉన్నదే. పరస్పర వ్యవహారాల్లో జోక్యం తగదనే పంచశీల సూత్రాలపై 1954లో సంతకం చేసిన చైనా 1979 ఫిబ్రవరిలో వియత్నాంపై దండెత్తింది. అదే ఏడాది డిసెంబరులో సోవియట్ సేనలు ఆహ్వానం పేరుతో అఫ్ఘానిస్థాన్‌లో ప్రవేశించగా సర్వప్రతినిధి సభలో 104 దేశాలు సేనల ఉపసంహరణను కోరాయి. 1983 అక్టోబరులో అమెరికా గ్రెనడా ద్వీపాన్ని ఆక్రమించగా 108 దేశాలు ఖండించాయి. నికరాగువాలో తిరుగుబాటుదారులకు ఆయుధాలు, శిక్షణ ఇచ్చి, రేవుల్లో మందుపాతరలు అమర్చి అమెరికా అంతర్జాతీయ న్యాయాన్ని ఉల్లంఘించిందని 1986 జూన్ 27న అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు చెప్పింది. అమెరికా ఆ తీర్పును అంగీకరించలేదు.

ఇటీవలి కాలంలో ఒకరి ఉల్లంఘనను మరొకరు తమ ఉల్లంఘనకు పూర్వోదాహరణగా చూపడం బాగా పెరిగింది. భద్రతామండలి అనుమతి లేకుండా 1999లో నాటో కూటమి కొసొవో కోసం యుగొస్లావియాపై బాంబులు వేసింది. 2003లో అమెరికా, బ్రిటన్ ఇరాక్‌పై దండెత్తాయి. 2013 సెప్టెంబరులో రష్యా అధ్యక్షుడు వ్లదీమిర్ పుతిన్ ఒక అమెరికన్ దినపత్రికలో వ్యాసం రాసి, భద్రతామండలి అనుమతి లేకుండా సిరియాపై దాడి చేయడం దురాక్రమణే అవుతుందని హెచ్చరించాడు. ఆరు నెలలు తిరగకముందే రష్యా క్రిమియాను స్వాధీనం చేసుకుంది. ఆ చర్యను సమర్థించే ప్రసంగంలో పుతిన్ కొసొవోను ఉదాహరించాడు. కల్పిత సాకుతో మరో దేశాన్ని ఆక్రమించడం ఈ శతాబ్దపు పద్ధతి కాదని అప్పుడు మందలించిన అమెరికా విదేశాంగ మంత్రి జాన్ కెర్రీ మాటలకు, ఇరాక్‌ను గుర్తుచేస్తూ ప్రపంచమంతటా ప్రత్యుత్తరాలు వెల్లువెత్తాయి. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌పై పూర్తిస్థాయి యుద్ధం ప్రారంభించగా, మార్చి 2న సర్వప్రతినిధి సభలో 141 దేశాలు ఖండించాయి. ఓటింగుకు దూరంగా ఉన్న 35 దేశాల్లో భారత్ ఒకటి. ఓటింగుకు దూరంగా ఉన్న దేశాల్లో అనేకం మౌనం వహించడానికి పాశ్చాత్య దేశాల పాత తప్పులు ఒక కారణమైతే, ఆ మౌనానికి మూల్యం చెల్లించినది ఆ తప్పులకు బాధ్యులు కాని ఉక్రెయిన్ పౌరులు.

కపటాన్ని ఎండగట్టడం, నియమాన్ని కాపాడటం

కపటాన్ని గుర్తించిన తరువాత మనుషులు సాధారణంగా రెండు తప్పుడు దారుల్లో ఒకదాన్ని పట్టుకుంటారు. అందరూ ఉల్లంఘించిన నియమానికి విలువేమిటని పెదవి విరవడం మొదటిది. కాని అగ్రరాజ్యాలకు నియమం నిజంగా విలువలేనిదైతే సేవ్ర్‌లో రహస్య పథకం అవసరమయ్యేది కాదు, కాదార్ చేత ఆహ్వానం ఇప్పించుకోవలసిన పని ఉండేది కాదు. ప్రతి ఆక్రమణా ఒక సాకు వెతుక్కోవడమే నియమానికి ఇంకా బలం ఉందనడానికి రుజువు. ఆ బలాన్ని చిన్న దేశాలు వదులుకుంటే వాటికి మిగిలే మరో కవచం లేదు. ఒకరి తప్పును చూపి మరొకరి తప్పును మాఫీ చేయడం రెండవ దారి. బ్రిటన్ ఈజిప్టుపై దాడి చేసినందువల్ల బుడాపెస్ట్‌లో చనిపోయినవారి ప్రాణాలు చౌకైపోవు. ఇరాక్‌పై జరిగిన అన్యాయం ఉక్రెయిన్‌పై జరిగే అన్యాయాన్ని న్యాయంగా మార్చదు. కపటి అన్న ఆరోపణ న్యాయం కోరేవారి నోట పలికినప్పుడు నియమాన్ని బలపరుస్తుంది. తదుపరి ఆక్రమణదారు నోట పలికినప్పుడు నియమాన్ని చంపే ఆయుధమవుతుంది.

మూడో దారి కూడా చరిత్రలో ఉంది. 1968లో వార్సా కూటమిలో సభ్యురాలైన రొమేనియా చెకొస్లొవేకియాపై దండయాత్రలో పాల్గొనకపోవడమే కాక దాన్ని బహిరంగంగా ఖండించింది. 2003లో నాటో కూటమికే చెందిన ఫ్రాన్స్, జర్మనీ ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకించాయి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ సంక్షోభంపై భద్రతామండలిలో మాట్లాడిన కెన్యా రాయబారి మార్టిన్ కిమానీ, వలస పాలకులు గీసిన సరిహద్దులను ఆఫ్రికా దేశాలు శాంతి కోసం అంగీకరించాయని గుర్తుచేసి రష్యా చర్యను తప్పుపడుతూనే, అంతర్జాతీయ న్యాయాన్ని అతిక్రమించే బలమైన దేశాల ధోరణిని, వాటిలో భద్రతామండలి సభ్యులు కూడా ఉన్నారంటూ, ఖండించాడు. ఈ ఉదాహరణలన్నిటిలో ఉమ్మడి గుణం ఒక్కటే: మాట కష్టమైన చోట, మిత్రుడి ముఖం మీద, తమకు నష్టం కలిగే అవకాశం ఉండగా పలికారు.

కాబట్టి విదేశీ సైనిక జోక్యంపై ఏ రాజధాని నుంచి ఏ హెచ్చరిక వెలువడినా పాఠకులు అడగవలసిన ప్రశ్నలు స్పష్టంగా ఉన్నాయి. ఆ ప్రభుత్వం ఇదే మాట తన మిత్రుడికి ఎప్పుడైనా చెప్పిందా? దానికోసం ఏదైనా వదులుకుందా? తాను అదే పని చేసినప్పుడు న్యాయస్థానం తీర్పుకు తలవంచిందా? సమాధానం లేదన్నదైనా ఆ హెచ్చరికలోని సూత్రం అసత్యం కాదు; దాన్ని పలికినవారిపై కూడా అదే సూత్రాన్ని మోపవలసిన బాధ్యత మాత్రం వినేవారిపై పడుతుంది. రెండు వందల ఏళ్ల వలస పాలన అనుభవించిన భారతదేశానికి ఆ బాధ్యత ఇతరులకంటె ఎక్కువ. అవసరాలనుబట్టి మౌనం వహించే పాత అలవాటును సరిదిద్దుకుని, లండన్ అయినా మాస్కో అయినా వాషింగ్టన్ అయినా బీజింగ్ అయినా, చివరికి ఢిల్లీ అయినా, ఒకే తూకం పట్టుకోగలిగినప్పుడే దాని మాటకు చిన్న దేశాలు విలువ ఇస్తాయి.